దశమభాగం ఆపితే దేవుడు ఇంకో దారిలో వసూలు చేసుకుంటాడా? మరి కృప అంటే ఏంటి?

రాత్రి_డ్యూటీ
సోమవారం, రాత్రి 11:52

అందరికీ వందనాలు. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. తప్పుగా రాస్తే క్షమించండి.

నేను విజయవాడలో స్టాఫ్ నర్సుని. జూన్ నుంచి అన్నీ నైట్ డ్యూటీలే. పొద్దున ఎనిమిదికి దిగి, ఇంటికెళ్లి వంట చేసి పడుకుంటే మధ్యాహ్నం మూడింటికి గానీ మెలకువ రాదు. దాంతో శుక్రవారం ఉపవాస కూటానికి మూడు నెలలుగా వెళ్లలేదు. సంఘానికి ఇచ్చే జీతంలో పదోవంతు, అదే దశమభాగం, నాలుగు నెలలుగా ఇవ్వలేదు. మా ఆయన ఆటో కిస్తీలు రెండు ఆగిపోతే ఫైనాన్స్ వాళ్లు ఇంటి ముందుకొచ్చి నిలబడ్డారు, ఆ డబ్బు అటు పోయింది.

పోయిన గురువారం మా చిన్నోడు సైకిల్ మీద నుంచి పడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. రెండు ఎముకలూ. నేను రోజూ చూసేవే, కానీ మన పిల్లాడిదైతే ఎక్స్‌రే పట్టుకున్న చెయ్యి వణుకుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే మా సంఘంలో ఒక పెద్దమ్మ అడిగింది, ఆసుపత్రికి ఎంతైందమ్మా అని. పదకొండు వేల నాలుగొందలు అన్నాను. "దేవుడికి ఇవ్వాల్సింది మనం ఆపితే ఆయన ఇంకో దారిలో రాబట్టుకుంటాడు తల్లీ" అంది.

నా జీతం 28,000. నాలుగు నెలల దశమభాగం 11,200. ఇంటికొచ్చేలోపు ఆ లెక్క వేసేశాను. ఇక నిద్ర లేదు.

మా చెల్లెలేమో "అక్కా, మనం ధర్మశాస్త్రం కింద లేం, కృప కింద ఉన్నాం, ఇవన్నీ పట్టించుకోకు" అంటుంది. వినడానికి హాయిగానే ఉంది. కానీ అది గుడి గడప తొక్కి ఏడాదైంది, తాగి వచ్చే మొగుడిని కూడా "కృపే కదా" అని వెనకేసుకొస్తుంది. దాని మాటా నమ్మబుద్ధి కావట్లేదు.

వాక్యం అసలు ఏం చెప్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కచ్చితంగా_మాట్లాడతా
మంగళవారం, ఉదయం 6:10

సిస్టర్, బాధపడకండి కానీ ఆ పెద్దమ్మగారు చెప్పినదాంట్లో వాక్యం ఉంది. మలాకీ 3వ అధ్యాయం తీయండి. మనుషుడు దేవుని దగ్గర దొంగిలుతాడా అని అడిగి, పదియవ భాగం విషయంలో, ప్రతిష్ఠితార్పణల విషయంలో దొంగిలారు అని దేవుడే అంటున్నాడు. హెబ్రీ 12లో ప్రభువు ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడని ఉంది. అపొస్తలుల కార్యాలు 5లో పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని పడి చచ్చిపోయిన అననీయ, సప్పీరా సంగతి తెలిసిందే. కృప, కృప అని చెప్పి ఇవన్నీ దాటేస్తే ఎలా? ఈ రోజుల్లో సంఘాలు ఇలా పల్చబడటానికి కారణమే అది.

కిరాణా_కొట్టు
మంగళవారం, ఉదయం 7:35

అమ్మా, ముందు పిల్లాడు ఎలా ఉన్నాడు? వేళ్లు కదుపుతున్నాడా?

బ్రదర్ చెప్పిన వచనాల సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. నేను షాపువాణ్ణి, నాకు తెలిసింది ఖాతా పుస్తకం. ఆ లెక్క మీద ఒక మాట.

మత్తయి 18లో రాజుకి పదివేల తలాంతులు అచ్చియున్న దాసుడి కథ ఉంది కదా. చిన్నప్పుడు సండేస్కూల్లో "చాలా ఎక్కువ అప్పు" అని చెప్పి వదిలేశారు. ఒకరోజు గిరాకీ లేనప్పుడు కూర్చుని కట్టాను. ఒక తలాంతు అంటే ఆరువేల దేనారాలు. ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే పదివేల తలాంతులు ఆరుకోట్ల రోజుల కూలి. ఒక్క పండగ సెలవు లేకుండా, ఒక్క మెతుకు తినకుండా పనిచేసినా లక్షా అరవైనాలుగు వేల ఏళ్లు పడుతుంది. వాడు రాజు కాళ్లమీద పడి ఏమన్నాడు? ఓర్చుకో, నీకు అంతా చెల్లిస్తాను అన్నాడు! మా కొట్టుకొచ్చి ఎవడైనా అలా అంటే నవ్వొస్తుంది. రాజు మాత్రం గడువు ఇవ్వలేదు, కిస్తీలు కట్టలేదు, అప్పే కొట్టేశాడు.

ఇప్పుడు చెప్పండి. అంత అప్పు కొట్టేసినవాడు మీ దగ్గర 11,200 రూపాయల కోసం పిల్లాడి చెయ్యి విరిచి వసూలు చేసుకుంటాడా? మా బజార్లో ఫైనాన్స్ వాళ్లు కూడా అలా చెయ్యరు.

గుండ్లకమ్మ
మంగళవారం, ఉదయం 9:20

తల్లీ, నేను ప్రకాశం జిల్లా బాప్టిస్టు ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాను. కాస్త పొడుగ్గా రాస్తాను, అలవాటు.

ముందు చెయ్యి విరిగిన సంగతి. దీనికి యేసు సూటిగానే జవాబిచ్చాడు, రెండుసార్లు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగారు, ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్లా అని. వీడైనా వీని కన్నవారైనా పాపం చేయలేదు అన్నాడు. లూకా 13లో సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చిపోయిన సంగతి ఎత్తి, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లందరికంటే అపరాధులనుకుంటున్నారా, కారు అన్నాడు. ఆ వెంటనే మీరు మారుమనస్సు పొందండి అని మనవైపు తిరిగాడు, అది వేరే సంగతి. ఎవరి దెబ్బకి ఎవరి పాపం సరిపోయిందో కూడికలు చేసే పని ఆయన మనకి ఇవ్వలేదు. యోబు స్నేహితులు చేసిన పని అదే. పుస్తకం చివర దేవుడి కోపం రగిలింది ఆ స్నేహితుల మీదే.

ఇక రెండో సంగతి, వరస. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. నిర్గమకాండం తీయండి. పది ఆజ్ఞలు ఎన్నో అధ్యాయం? ఇరవై. పస్కా, అంటే ఐగుప్తు నుంచి విడుదలైన రాత్రి, ఎన్నో అధ్యాయం? పన్నెండు. ఎర్ర సముద్రం? పద్నాలుగు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఇటుకలు చేస్తున్నప్పుడు దేవుడు వెళ్లి, ఇవిగో పది ఆజ్ఞలు, ఓ నలభై ఏళ్లు పాటించి చూపించండి, బావుంటే విడిపిస్తాను అనలేదు. ముందు బయటికి తెచ్చాడు. ఆ తర్వాత సీనాయి కొండ దగ్గర కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆజ్ఞలు మొదలయ్యే మాట కూడా "నీవు చేయవలెను" కాదు. ఐగుప్తులో నుంచి, దాసుల గృహంలో నుంచి నిన్ను బయటికి రప్పించిన దేవుణ్ణి నేను అని మొదలవుతుంది. ధర్మశాస్త్రంలోనే కృప ముందు నడిచింది. పాత నిబంధన అంతా కోపం, కొత్త నిబంధన అంతా కృప అనేవాళ్లు ఈ అధ్యాయాల నంబర్లు ఒక్కసారి చూడాలి.

పిల్లవాడికి నూనె రాయకండి, కట్టు తడవనివ్వకండి. నర్సుకి చెప్తున్నాను చూడు, నా బుద్ధి!

కువైట్_బాబాయ్
మంగళవారం, మధ్యాహ్నం 2:05

ప్రైజ్ ద లార్డ్ అమ్మాయ్. నేను పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చాను. మాది పశ్చిమ గోదావరి. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. మా కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) కుటుంబానికి ఆ రోజే బయటికి వెళ్లాలని ఉండేది, దాంతో నేను ఏడాదికి నాలుగైదుసార్లు మించి వెళ్లగలిగేవాణ్ణి కాదు. కారులో కూర్చుని మాల్ బయట ఏసీ వేసుకుని వాక్యం చదువుకునేవాణ్ణి. దేవుడు నన్ను వదిలేశాడని ఒక్కరోజు కూడా అనిపించలేదు, ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం "చర్చికి వెళ్లకపోతే ఎలారా" అని మా మావయ్య క్లాసు పీకేవాడు.

2018లో అక్కడ ఆమ్నెస్టీ ఇచ్చారు. అకామా, అంటే అక్కడ ఉండటానికి పర్మిట్, లేకుండా దాక్కున్నవాళ్లు జరిమానా కట్టకుండా దేశం వదిలి వెళ్లిపోవచ్చని. మన తెలుగువాళ్లు బోలెడుమంది ఎంబసీ ముందు ఎండలో లైన్లు కట్టారు. మా గదిలో ఉన్న కుర్రాడికి ఇంటికి వెళ్లే కాగితం, అవుట్‌పాస్, వచ్చినరోజు బిర్యానీ వండుకున్నాం. చాలామంది కృప అంటే అదే అనుకుంటారు, జరిమానా మాఫీ. కానీ ఆమ్నెస్టీలో ఏముంది? కట్టాల్సింది కట్టక్కర్లేదు, కానీ ఇక్కడ ఉండొద్దు, పో. లూకా 15లో, ఆస్తి తగలేసి ఇంటికి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడి కథలో నాన్న ఏం చేశాడు? కౌగిలించుకుని, ఉంగరం పెట్టి, చెప్పులు తొడిగి లోపలికి తీసుకొచ్చాడు. మాఫీ చేసి పంపించెయ్యడం వేరు, మాఫీ చేసి ఇంట్లో పెట్టుకోవడం వేరు.

ఇంకోటి గమనించారా? వాడు దారిలో ఒక డైలాగ్ ప్రాక్టీస్ చేసుకుంటాడు, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని. తీరా నాన్న దగ్గరికి వచ్చాక ఆ చివరి ముక్క లేదు. 19వ వచనంలో ఉంది, 21లో లేదు. నాన్న చెప్పనివ్వలేదు. మళ్లీ ఇంట్లోనే ఉన్న పెద్దకొడుకుని చూడండి, ఇన్నేళ్లుగా నిన్ను సేవిస్తున్నాను, ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా అంటాడు. ఊరంతా తిరిగొచ్చినోడూ కూలి లెక్కే, ఇల్లు కదలనోడూ కూలి లెక్కే.

కచ్చితంగా_మాట్లాడతా
మంగళవారం, సాయంత్రం 6:44

బావున్నాయి కథలు. మలాకీకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. హెబ్రీ 12కీ చెప్పలేదు.

గుండ్లకమ్మ
మంగళవారం, రాత్రి 8:15

చెప్తాను నాయనా, మధ్యాహ్నం మనవడికి స్నానం చేయించాల్సి వచ్చింది.

మలాకీ రోజుల్లో దశమభాగం వెళ్లేది మందిరపు నిధిలోకి, అక్కడినుంచి మందిరంలో సేవ చేసే లేవీయుల పొట్టలోకి. వాళ్లకి పొలాలు లేవు. జనం ఇవ్వడం ఆపేస్తే లేవీయులూ గాయకులూ ఎవరి పొలానికి వాళ్లు పారిపోయారని నెహెమ్యా 13లో ఉంది. మలాకీ అదే అధ్యాయంలో, కాస్త ముందు, కూలివాడి కూలి విషయంలోనూ విధవరాలినీ తండ్రి లేనివాళ్లనీ బాధపెట్టేవాళ్ల మీద సాక్ష్యం పలుకుతాను అంటాడు దేవుడు. ఆ ఐదో వచనాన్ని కానుకల కూటంలో ఎవరైనా చదవగా నేను ఇంతవరకు వినలేదు. కిస్తీ కట్టలేని ఆడపిల్లని బెదిరించడానికి రాసింది కాదు అది. తిండికి ఆధారం లేనివాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోకండి అని రాసింది.

అననీయ సంగతి. పేతురు అతనితో ఏమన్నాడు? ఆ పొలం నీ దగ్గర ఉన్నప్పుడు నీదే కదా, అమ్మాక కూడా నీ వశంలోనే ఉంది కదా అన్నాడు. తక్కువిచ్చినందుకు కాదు, అంతా ఇచ్చినట్టు నటించినందుకు. ఈ అమ్మాయి నటించిందా? ఇవ్వలేదని అందరి ముందూ ఒప్పుకుంది.

హెబ్రీ 12 గురించి మాత్రం మీరు మంచి ప్రశ్న వేశారు. అక్కడ "శిక్షించి" అని మన బైబిల్లో ఉన్నచోట గ్రీకు మాటకి అసలు అర్థం పిల్లవాణ్ణి పెంచడం, తీర్చిదిద్దడం. తీతు 2:12లో దేవుని కృప మనకు "బోధించుచున్నది" అని ఉంది చూడండి, అక్కడా అదే మాట. ఒకచోట శిక్ష, ఒకచోట బోధ. మన తెలుగులో కూడా శిక్షకీ శిక్షణకీ చుట్టరికం ఉంది కదా, ఒకే ధాతువు. బడిలో నేను పిల్లల చేత పది తప్పులూ మళ్లీ రాయించేదాన్ని. అది శిక్షే, కానీ వాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేసుకోవడానికి కాదు. దేవుడు పెంచుతాడు. బాకీ రాబట్టుకోడు. రాబట్టుకునేదే అయితే సిలువ మీద జరిగింది ఏంటి?

అదే తీతు వచనం ఈ అమ్మాయి చెల్లెలికి కూడా. ఆ కృప ఏం బోధిస్తుందట? భక్తిహీనతనూ లోకసంబంధమైన దురాశలనూ విసర్జించమని. కృప ఉంది కదా, బడికెందుకు అంటే, ఆ కృపే బడి. పౌలుకి కూడా ఈ ప్రశ్న వచ్చింది. కృప విస్తరించడానికి పాపంలో నిలిచి ఉందామా అని రోమా 6లో తనే అడిగి, "అట్లనరాదు" అని ఒక్క మాటలో తేల్చేశాడు.

మోడరేటర్
మంగళవారం, రాత్రి 9:02

చర్చ మర్యాదగా నడుస్తోంది, సంతోషం. ఒక సేవకుడి పేరు పెట్టి రాసిన కామెంట్ ఒకటి తీసేశాం. పేర్లు వద్దు.

ఫిరంగిపురం_క్యాథలిక్
మంగళవారం, రాత్రి 10:30

అక్కా, నేను ఆర్‌సీఎం. ఇక్కడ ఎక్కువమంది మీ సంఘాలవాళ్లే అనుకుంటా, అయినా ఒక మాట.

మేము కృప అన్న మాట కన్నా "వరప్రసాదం" అని ఎక్కువ అంటాం. జపమాలలో "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని చిన్నప్పటి నుంచి నోటికి వచ్చేసింది. మీ బైబిల్లో అదే చోట, లూకా 1:28లో, "దయాప్రాప్తురాలా" అని ఉంటుంది. మా అమ్మమ్మ వరప్రసాదం అన్నప్పుడల్లా నాకు గుడిలో పంచే ప్రసాదం గుర్తొచ్చేది. మా పక్కింటివాళ్లు తెచ్చిచ్చేవాళ్లు లెండి. ప్రసాదం ఎవరూ కొనరు, చెయ్యి చాపితే పెడతారు. వేదాంతం తెలియకముందే ఆ మాట నాకు అర్థమైంది.

క్రియల వల్ల రక్షణ అని క్యాథలిక్కులు నమ్ముతారని మీలో చాలామంది అనుకుంటారు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్ సభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన పుణ్యం వల్ల కాదు, క్రీస్తు చేసిన రక్షణకార్యంలో విశ్వాసం ద్వారా, కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని అందులో ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. తేడాలు ఇంకా ఉన్నాయి, కాదనను. కానీ ఈ ఒక్క విషయంలో కొట్టుకోవడం పెద్దవాళ్లు తగ్గించుకున్నారు, మనమే ఇంకా కామెంట్లలో కొట్టుకుంటున్నాం.

గుంటూరు_ఏఈఎల్‌సీ
బుధవారం, ఉదయం 8:12

తమ్ముడు చెప్పింది నిజమే. మా లూథరన్లు అక్టోబరు 31, సంస్కరణ దినం, వస్తే కృప మాత్రమే, విశ్వాసం మాత్రమే అని గట్టిగా పాడతాం. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి ఇదే బోధ. కానీ లూథర్‌గారు 1522లో కొత్త నిబంధన ముందుమాటలో యాకోబు పత్రికని గడ్డి పత్రిక అన్నారు. అంత పెద్దాయనకి కూడా యాకోబు మింగుడుపడలేదు! క్రియలు లేని విశ్వాసం మృతం అన్న మాట గొంతులో ముల్లులా ఉంటుంది. ఉండాలి కూడా. నాకైతే ఎఫెసీ 2లో 8, 9 చదివి ఆపేయడం దగ్గరే తప్పు జరుగుతుంది అనిపిస్తుంది. క్రియలవలన కాదు అన్నాక, వెంటనే పదో వచనంలో సత్‌క్రియలు చేయడానికే సృష్టింపబడ్డాం అని ఉంది. క్యాలెండర్ల మీద ఆ పదో వచనం ఎందుకు వెయ్యరో!

పక్కవీధి_శర్మ
బుధవారం, ఉదయం 11:40

నమస్కారం. నేను క్రైస్తవుణ్ణి కాదు, శ్రీవైష్ణవుల ఇంటివాణ్ణి. మా ఆఫీసు మిత్రుడు ఈ లింకు పంపాడు. అభ్యంతరం లేకపోతే ఒక ప్రశ్న.

మా సంప్రదాయంలో రెండు న్యాయాలు చెబుతారు. మర్కట కిశోర న్యాయం అంటే కోతిపిల్ల తల్లి పొట్టని తనే గట్టిగా పట్టుకోవాలి, వదిలితే పడిపోతుంది. మార్జాల కిశోర న్యాయం అంటే పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. భగవంతుడి కృపకి జీవుడి ప్రయత్నం ఎంత అవసరం అన్న దాని మీద మాలోని రెండు శాఖలు, వడగలై, తెంగలై వారి మధ్య శతాబ్దాల వాదం ఉంది. మీ వాదన చదువుతుంటే మా తాతగారి అరుగు గుర్తొచ్చింది. మీ గ్రంథం కోతిపిల్ల పక్షమా, పిల్లికూన పక్షమా?

గుండ్లకమ్మ
బుధవారం, మధ్యాహ్నం 12:25

శర్మగారూ, నమస్కారం. ఎంత చక్కటి ప్రశ్న వేశారు!

రక్షణ దగ్గర మేము పిల్లికూనలమే. అపరాధాల చేత చచ్చినవారమై ఉన్నప్పుడు బ్రతికించాడు అంటాడు పౌలు. చచ్చినవాడు దేన్ని పట్టుకుంటాడు? కానీ ఫిలిప్పీ 2:12లో అదే పౌలు భయముతోను వణకుతోను మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి అంటాడు, కోతిపిల్ల మాట. మరుసటి వచనంలోనే, అలా ఇచ్ఛ పుట్టించేవాడూ చేయించేవాడూ మీలో ఉన్న దేవుడే అంటాడు. పట్టుకునే చేతులూ తల్లి ఇచ్చినవే అన్నట్టు. 1 కొరింథీ 15:10లో నేను వారందరికంటే ఎక్కువగా ప్రయాసపడ్డాను, నేను కాదు, నాకు తోడైన దేవుని కృపే అంటాడు. ఒకే వాక్యంలో రెండు జంతువులూ!

కచ్చితంగా_మాట్లాడతా
బుధవారం, మధ్యాహ్నం 1:50

టీచర్‌గారూ, మలాకీ ఐదో వచనం తీసి చూశాను. నిజమే, నేనెప్పుడూ దాని మీద ఆగలేదు. శిక్ష, శిక్షణ సంగతి కూడా ఆలోచిస్తున్నాను. కానీ నా భయం నాకుంది. మా ఊళ్లో కరువు వస్తే సంఘం నిండుతుంది, వర్షాలు పడితే ఖాళీ అవుతుంది. దేవుడి దగ్గర దొరికేదానికోసం వచ్చేవాళ్లకి కృప గురించి మరీ మెత్తగా చెప్తే ఇంకేం మిగులుతుంది?

గుండ్లకమ్మ
బుధవారం, మధ్యాహ్నం 3:30

ఆ భయం మా ఊళ్లో ఒకాయనకి నూట యాభై ఏళ్ల కిందటే కలిగింది. మా ముత్తాతల కథే, చెప్పనివ్వండి.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఉండేవాడు. జనానికి పని కల్పించడానికి బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. మట్టి తవ్వినవాళ్లకి కూలి. బాప్తిస్మం కావాలని జనం గుంపులుగా వచ్చారు, ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడుస్తున్నంతకాలం ఎవరికీ ఇవ్వను, కూటికోసం వచ్చారో దేవుడికోసం వచ్చారో నాకు తెలియాలి అన్నట్టు ఆపేశాడు. సాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని అందరికీ తెలిశాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఎక్కువమంది మాదిగవాళ్లు. ఊరి బావిలో చేద వేయనివ్వని వాళ్లు.

అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. మట్టి మోస్తే కూలి వచ్చింది, అది న్యాయం. నీళ్లలో దిగితే వచ్చింది కూలి కాదు. పని చేసేవాడికి జీతం ఋణమే గాని దానం కాదు అని రోమా 4లో ఉంది. ఆ తేడా మా ముత్తవ్వకి చదువు లేకుండానే తెలుసు. మనకే మళ్లీ కలగాపులగం అయిపోయింది.

కాబట్టి నాయనా, మెత్తగా చెప్పడం తప్పు కాదు. ఇస్తే వస్తుంది, ఇవ్వకపోతే పోతుంది అని చెప్పడమే కూటికోసం వచ్చేవాళ్లని తయారుచేస్తుంది.

కిరాణా_కొట్టు
బుధవారం, రాత్రి 9:48

షాపు కట్టేసి ఇప్పుడే చదివాను. ఒకటి చెప్పాలనిపించింది.

మా కొట్లో ఒకాయనకి ఖాతా ఉండేది. తాపీపని చేసేవాడు. భార్య పోయిన ఏడాది పని మానేశాడు, 6,350 దాకా పెరిగింది. ఒకరోజు నేనే ఆయన పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన "లేదు" అని రాసి, ఆయన కొడుకు చేత కబురు పంపాను. సంతోషించి వస్తాడనుకున్నా. ఆయన మా వీధిలోకే రావడం మానేశాడు. మసీదు వెనక సందు చుట్టి మెయిన్ రోడ్డుకి వెళ్లేవాడు. నూనె ప్యాకెట్ కావాలన్నా కిలోమీటరు దూరం. ఐదు నెలలు. నేనే ఒకరోజు ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని కొట్టులోకి తీసుకొచ్చి ఆ పేజీ తెరిచి చూపించాను. చదువుకుని, "ఊరికే అన్నారేమో అనుకున్నా" అన్నాడు. తర్వాత దీపావళికి అడక్కుండానే మా అరుగుకి సిమెంటు చేసి వెళ్లాడు. డబ్బిస్తే కోప్పడ్డాడు.

అమ్మా, మీరు శుక్రవారం కూటానికి వెళ్లలేకపోవడం ఒకటి. దేవుణ్ణి తప్పించుకుని వెనక సందులో నుంచి వెళ్లడం ఇంకొకటి. రెండోది జరుగుతోందేమో చూసుకోండి. నాకూ జరుగుతుంటుంది, అందుకే అడుగుతున్నా.

రాత్రి_డ్యూటీ
గురువారం, తెల్లవారుజామున 4:20

అందరివీ మూడేసిసార్లు చదివాను. అంకుల్, మీరు అడిగింది నిజం. జూన్ నుంచి ప్రార్థన కూడా తగ్గించేశాను. ఏం ముఖం పెట్టుకుని మాట్లాడాలి, ముందు బాకీ కట్టి వస్తాను అనుకున్నాను. వెనక సందే.

టీచరమ్మా, కానుక గురించి ఇప్పుడు ఏం చెయ్యను? ఇవ్వాలని ఉంది. భయంతో కాదు.

గుండ్లకమ్మ
గురువారం, ఉదయం 7:05

2 కొరింథీ 8, 9 అధ్యాయాలు చదువు తల్లీ, అక్కడ పౌలు ఇవ్వడాన్నే కృప అంటాడు. కలిగినదాని కొలదే గానీ లేనిదాని కొలది కాదు అని 8:12లో ఉంది. సణుక్కుంటూ వద్దు, బలవంతం మీద వద్దు అని 9:7లో. ఉన్నదాంట్లో నీ హృదయంలో నిశ్చయించుకున్నంత ఇవ్వు. పాత నాలుగు నెలలూ కూడి ఎరియర్స్ కట్టకు. ఎరియర్స్ కట్టావంటే మళ్లీ ఆ లెక్కలోకే వెళ్లినట్టు.

రాత్రి_డ్యూటీ
శనివారం, సాయంత్రం 5:15

ఒక సంగతి జరిగింది, చెప్పకుండా ఉండలేకపోతున్నా.

నిన్న ఆ పెద్దమ్మే మా ఇంటికి వచ్చింది. చిన్నోడికి ఆరు నాటుకోడి గుడ్లు పొట్టులో పెట్టి తెచ్చింది. నాకు లోపల కోపంగానే ఉంది, టీ పెట్టి ఇచ్చాను. వాడి కట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. తర్వాత తనంతట తనే చెప్పింది. వాళ్లాయన ఇరవై రెండేళ్ల కిందట పాము కరిచి పోయాడట. ఆ ఏడాది పత్తి పోయి, అప్పులు తీర్చి, దేవుడికి ఏమీ ఇవ్వలేకపోయారట. అప్పుడు వాళ్ల ఊరికి వచ్చిన ఒక సేవకుడు, నాకు చెప్పిన మాటే ఆమెకి చెప్పాడట. "అప్పటినుంచి నేను ఒక్క వారం కూడా తప్పలేదు తల్లీ. నీకు అట్టా జరగకూడదని చెప్పాను" అంది.

ఇరవై రెండేళ్లు. తన వల్లే మొగుడు పోయాడని. ఆమెకి చదువు రాదు, ఎవరు చదివి వినిపిస్తే అదే వాక్యం.

కోపం ఎటు పోయిందో తెలీదు. ఏం చెప్పాలో కూడా తెలీలేదు.

గుండ్లకమ్మ
శనివారం, సాయంత్రం 5:40

ఏమీ వివరించకు తల్లీ. చదివి వినిపించు. యోహాను 9, మొదటి మూడు వచనాలు. ఇంకేం వద్దు.

కచ్చితంగా_మాట్లాడతా
శనివారం, సాయంత్రం 6:02

సిస్టర్, ఆ మొదటిరోజు నేను రాసింది చూసి మీరు బాధపడి ఉంటారు. క్షమించండి. ఆ పెద్దమ్మగారికి నా వందనాలు చెప్పండి.

రాత్రి_డ్యూటీ
శనివారం, రాత్రి 7:10

పర్లేదు అన్నయ్యా. బుధవారం నాకు ఆఫ్. సాయంత్రం బైబిల్ పట్టుకుని ఆమె ఇంటికి వెళ్తాను, చిన్నోడిని కూడా తీసుకెళ్తా.

కిరాణా_కొట్టు
శనివారం, రాత్రి 7:25

కట్టు ఎప్పుడు తీస్తారమ్మా?

రాత్రి_డ్యూటీ
శనివారం, రాత్రి 7:31

ఆరు వారాలన్నారు అంకుల్. వేళ్లు బాగానే కదుపుతున్నాడు. డ్యూటీకి టైమైంది, ఉంటాను.